బిడ్డ చెప్పిన మాట ఏ గడిలో రాయాలి?

పోయినేడు వేసవిలో ఒక మండల కేంద్రంలో అంగన్‌వాడీ టీచర్ల సెక్టార్ మీటింగ్‌కు నన్ను పిలిచారు. పిల్లల రక్షణ గురించి ఓ గంట మాట్లాడమన్నారు. చెప్పడం కంటే చేయించడం మేలనిపించి, "పిల్లల మీద నేరం జరిగిందని తెలిస్తే ఫోన్లోనే ఎక్కడెక్కడ చెప్పొచ్చో వెతకండి" అన్నాను. ఇరవైకి పైగా ఫోన్లు బయటికొచ్చాయి. రోజూ పోషణ ట్రాకర్‌లో హాజర్లు, బరువులు ఎక్కించే చేతులవి. పది నిమిషాల్లో ఒకరు జాతీయ సైబర్ నేరాల పోర్టల్ తెరిచారు, ఇంకొకరు పిల్లలపై లైంగిక నేరాల ఫిర్యాదులు తీసుకునే పోక్సో ఈ-బాక్స్ దగ్గరికి వెళ్లారు, నలుగురైదుగురు పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 అని గట్టిగా చెప్పారు.

వెనక వరసలో ఒకావిడ మాత్రం ఫోను ఒళ్లో పెట్టుకుని ఊరకే కూర్చుంది. మీటింగ్ అయ్యాక టీ గ్లాసుతో దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "మేడమ్, మా సెంటరుకొచ్చే పాప ఒక మాటంది. 'మామ దాగుడుమూతలకు పిలిస్తే నేను పోను' అంది. అంతే, ఇంకేం అనలేదు. కానీ ఆ మాట అన్నప్పుడు నా కొంగు వదల్లేదు. ఈ మాట ఏ గడిలో రాయాలి?"

ఇద్దరం కూర్చుని ఆ ఫారాలు మళ్లీ తెరిచాం. నేరం ఏ రకం, ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, నిందితుడు ఎవరు: గళ్లన్నీ జరిగింది నేరమని తేలిన తరవాత నింపేవే. అదనపు వివరాలకు ఒక పెట్టె ఉంటుంది. అందులో ఏం రాయాలో, రాసేలోపు ఆ పాపతో ఎలా మాట్లాడాలో, ఇంట్లోవాళ్లకు చెప్పాలో వద్దో అక్కడ చెప్పేవాళ్లు లేరు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పిల్లల సంక్షేమం కోసం, వారిపై హింసను అడ్డుకోవడం కోసం ఈ ఇరవై ముప్పై ఏళ్లలో ఫోన్లోనూ ఇంటర్నెట్‌లోనూ పోగైన వనరులన్నిటినీ ఒక వరసలో పెట్టి చూడాలనుకున్నాను. ఒక్కోదానికీ ఒకటే పరీక్ష పెట్టాను. బిడ్డ మొదట చెప్పేది పోర్టల్‌కు కాదు, పక్కనున్న మనిషికి. అమ్మకు, అమ్మమ్మకు, టీచరుకు, ఆశా కార్యకర్తకు. ఆ వినే మనిషికి ఈ వనరు ఏ మేరకు ఆసరా ఇస్తోంది?

ముప్పు ఎటు నుంచి వస్తుంది

ముందు ముప్పు ఎక్కడుందో చూడాలి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను పలకరిస్తే 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామని చెప్పారు. ఆ 13 రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో సగం మంది పిల్లలకు బాగా తెలిసినవారు, పిల్లలు నమ్మినవారు. జరిగింది ఎవరికీ చెప్పని పిల్లలే ఎక్కువ. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లోనూ ఇదే కనిపిస్తుంది. 2022లో దేశంలో పిల్లలపై నేరాల కింద 1,62,449 కేసులు నమోదయ్యాయి. పిల్లలపై అత్యాచారం కేసుల్లో ఏటా పదింట తొమ్మిదికి పైగా నిందితులు ఇంటివారో, ఇరుగుపొరుగువారో, తెలిసినవారో అవుతున్నారు.

మన ఫోన్లలో తిరిగే భయం మాత్రం ఇంకో దిక్కు చూపిస్తుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వాట్సాప్ పుకార్లతో 2018లో దేశమంతటా అమాయకులను గుంపులు కొట్టి చంపాయి. ఆ మే నెలలో తెలంగాణలోనూ ప్రాణాలు పోయాయి. ఆ తరవాతే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. కొత్త ముఖం మీదికి కర్ర ఎత్తిన ఊరు, రోజూ ఇంటికొచ్చే తెలిసిన ముఖం దగ్గర కళ్లు మూసుకుంటే బిడ్డకు కాపు ఉండదు. అందుకే ఏ వనరునైనా ముందు ఇక్కడ తూచాలి: అది అపరిచితుణ్నే చూపిస్తుందా, ఇంట్లో దాగిన ముప్పును కూడా పెద్దల కంట పడేలా చేస్తుందా?

ఒక నంబరు, దాని వెనక మనిషి

మన దేశంలో ఉన్నవాటిలో పాతది, ఇప్పటికీ అన్నిటికంటే పనికొచ్చేది ఒక ఫోను నంబరు. ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో పనిచేస్తున్న జెరూ బిలిమోరియా 1996లో చైల్డ్‌లైన్‌ను మొదలుపెట్టారు. రైల్వే స్టేషన్లలో, పేవ్‌మెంట్ల మీద బతికే పిల్లలు రాత్రిపూట ఏ ఆపద వచ్చినా పిలవడానికి ఎవరూ లేరని చూసి చేసిన పని అది. డబ్బులు పడకుండా ఫోను చేయగలగాలి, నంబరు పిల్లల నోట నిలవాలి. పది, తొమ్మిది, ఎనిమిది. ఒకటో తరగతి పిల్లవాడికైనా గుర్తుంటుంది.

2023 నుంచి ఈ సేవ స్వచ్ఛంద సంస్థల చేతుల్లోంచి రాష్ట్ర ప్రభుత్వాల చేతికి వచ్చింది. మిషన్ వాత్సల్య పథకం కింద మహిళా శిశు సంక్షేమ శాఖ కంట్రోల్ రూములు 1098 కాల్స్ అందుకుంటున్నాయి. అత్యవసరమైతే 112తో కలుపుతారు, జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం రంగంలోకి దిగుతుంది. చేసేవారు బిడ్డే కానక్కర్లేదు. పక్కింటావిడైనా, బస్సు కండక్టరైనా చేయొచ్చు. పేరు చెప్పాలన్న నిబంధన లేదు.

నేను పెట్టుకున్న పరీక్షలో ఈ నంబరు నెగ్గుతుంది. 'మామ పిలిస్తే పోను' అన్న ఒక్క మాటతో ఫోను చేసినా అవతలి మనిషి ఎదురు ప్రశ్న వేయగలరు, తెలుగులో మాట్లాడగలరు, ఊరికి ఎవరినైనా పంపగలరు. ఫారం ఈ మూడూ చేయలేదు. సేవ చేతులు మారినప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోవాల్సింది, ఇప్పటికైనా తీసుకోవాలి. ఏళ్ల తరబడి ఆ ఫోన్లు ఎత్తిన సంస్థల్లో భయపడిన గొంతును నిలిపి మాట్లాడించే నేర్పు ఉండేది. ఆ నేర్పును కొత్త ఉద్యోగులకు శిక్షణగా అందించాలి. కాల్ ఎన్ని సెకన్లలో ఎత్తారన్నదే కొలత అయితే, ఫోను పట్టుకుని మాట రాక ఏడ్చే బిడ్డ ఆ లెక్కలో కనపడదు.

ఫిర్యాదు పోర్టళ్లు: హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక ఉత్తరం

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2016 ఆగస్టులో పోక్సో ఈ-బాక్స్ తెచ్చింది. బిడ్డే స్వయంగా ఫిర్యాదు చేయగలగాలని బొమ్మల మీద నొక్కే ఏర్పాటు చేశారు. ఆలోచన మంచిది. ఇంట్లో ఒక్క ఫోనే ఉండి, అది నాన్న జేబులోనో, వేధించేవాడి చేతిలోనో ఉండే బిడ్డకు మాత్రం ఆ బొమ్మలు అందవు. చదువుకున్న, సొంత ఫోనున్న పన్నెండేళ్ల పిల్లకు అందొచ్చు. అందిన మేరకు దాని విలువ దానికుంది.

రెండోది కేంద్ర హోంశాఖ నడిపే సైబర్ నేరాల పోర్టల్. దీని పుట్టుకలో తెలుగు నేల పాలు ఉంది. హైదరాబాద్‌లో ప్రజ్వల సంస్థను నడిపే సునీతా కృష్ణన్, అత్యాచార వీడియోలు వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయంటూ 2015లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. కోర్టు దాన్ని తనంతట తానే కేసుగా స్వీకరించింది. ఏళ్ల పాటు సాగిన ఆ విచారణ ఫలితంగా, పిల్లల అశ్లీల చిత్రాలు, అత్యాచార వీడియోలపై ఫిర్యాదు చేయడానికి 2018 సెప్టెంబరులో ఈ పోర్టల్ మొదలైంది. ఆన్‌లైన్ మోసాల ఫిర్యాదులతోనే అది జనానికి తెలిసింది గానీ, పుట్టింది ముందు మహిళల కోసం, పిల్లల కోసం. ఇప్పటికీ మహిళలు, పిల్లలపై నేరాల భాగంలో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు ఉంది. పేరు, ఫోను నంబరు ఇస్తే ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏదైనా పసిబిడ్డ వీడియో గ్రూపులోకి వచ్చిందంటే, "వీణ్ని పట్టుకునేదాకా షేర్ చేయండి" అన్న రాత కూడా దానికి తగిలించి ఉంటుంది. మంచి మనసుతోనే చాలామంది ముందుకు పంపుతారు. అది నేరం. ఐటీ చట్టం 67బి సెక్షన్ పిల్లల లైంగిక చిత్రాలను పంపడాన్ని, చూడడాన్ని, డౌన్‌లోడ్ చేసుకోవడాన్ని శిక్షార్హం చేసింది. ఫోన్లో ఉంచుకోవడం కూడా పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నేరం కాగలదని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తేల్చింది. 'చైల్డ్ పోర్నోగ్రఫీ' అనే మాటే వాడొద్దని, అది దోపిడీని, హింసను తక్కువ చేసి చూపిస్తుందని అదే తీర్పులో చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ వీడియో ఒక చేయి మారిన ప్రతిసారీ ఆ బిడ్డకు మళ్లీ అన్యాయం జరిగినట్టే. చూసినవారు చేయాల్సింది లింకు, గ్రూపు పేరు, పంపిన నంబరు రాసుకుని పోర్టల్‌కో పోలీసుకో ఇవ్వడం. ముందుకు పంపడం కాదు.

బొమ్మను వెనక్కి తెచ్చే మార్గం

పద్నాలుగేళ్ల పిల్ల నమ్మి పంపిన ఫొటోను పట్టుకుని ఎవడో బెదిరిస్తున్నాడు. ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారు, బడి మాన్పిస్తారు, తన్నులు తప్పవు. ఆ పిల్ల ప్రాణం తీసుకోవాలనుకునేది ఈ మూడింటి మధ్య ఇరుక్కునే. ఆమెకు ఇవాళ ఒక నిజమైన ఆసరా ఉంది. అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ నడుపుతోంది. పద్దెనిమిదేళ్లలోపు తీసిన చిత్రమైతే చాలు, ఏ దేశంవారైనా వాడుకోవచ్చు. చిత్రాన్ని ఎక్కడికీ పంపనక్కర్లేదు. దాని నుంచి ఒక అంకెల గుర్తు ఫోన్లోనే తయారవుతుంది. వేలిముద్రలాంటిది. ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి భాగస్వామ్య వేదికలు తమ దగ్గర ఆ గుర్తుకు సరిపోయే చిత్రం కనబడితే తీసేస్తాయి. పద్దెనిమిది దాటినవారికి ఇలాంటిదే 'స్టాప్ ఎన్‌సీఐఐ' ఉంది. గుప్తంగా సాగే వాట్సాప్ సంభాషణల్లోకి ఇవి చొరబడలేవు. అందుకే ఈ సేవ వాడినా పోలీసు ఫిర్యాదు మానకూడదు.

అదే కేంద్రం 1998 నుంచి సైబర్ టిప్‌లైన్ నడుపుతోంది. గూగుల్, మెటా వంటి అమెరికా కంపెనీలు తమ వేదికల మీద పిల్లల దోపిడీ చిత్రాలు కనిపిస్తే అక్కడికి తెలపాలి. 2023లో వచ్చిన 3 కోట్ల 60 లక్షలకు పైగా నివేదికల్లో దాదాపు 89 లక్షలు భారత్‌కు సంబంధించినవి. ఒకే చిత్రం పదేపదే పంచుకోవడం వల్ల వచ్చినవీ వీటిలో ఉంటాయి కాబట్టి ఇన్ని నేరాలు అని చదవకూడదు. కానీ ఇన్నిసార్లు అంటే ఏ ఊరూ మినహాయింపు కాదని మాత్రం చదవాలి. 2019లో మన జాతీయ నేర గణాంక సంస్థ ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకున్నప్పటి నుంచి ఈ సమాచారం రాష్ట్రాల పోలీసులకు చేరుతోంది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ సమాచారంతోనే అరెస్టులు చేసింది. మన కంటికి కనపడకుండా పనిచేస్తున్న వనరుల్లో బలమైనది ఇదే.

తప్పిపోయిన బిడ్డ, ఇల్లు లేని బిడ్డ

తప్పిపోయిన పిల్లల కోసం ట్రాక్‌చైల్డ్, 2015లో మామూలు జనం కూడా వివరాలు ఎక్కించగలిగే ఖోయా-పాయా వచ్చాయి. ఇప్పుడవి మిషన్ వాత్సల్య పోర్టల్ గొడుగు కిందికి చేరాయి. ఈ వేదికలకు ప్రాణం పోసింది మాత్రం ఒక తీర్పు. బిడ్డ కనపడలేదని ఎవరొచ్చి చెప్పినా పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని, ముందు అపహరణగానే భావించి వెతకాలని బచ్‌పన్ బచావో ఆందోళన్ సంస్థ వేసిన కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. "ఇరవై నాలుగు గంటలు చూసి రండి" అని ఏ స్టేషన్‌లోనైనా అంటే అది చట్టం కాదు.

సాంకేతికత ఏం చేయగలదో చూపించిన సంగతి ఒకటి మన దగ్గరే ఉంది. తెలంగాణ పోలీసులు 2018లో 'దర్పణ్' అనే ముఖ గుర్తింపు సాధనం తెచ్చారు. తప్పిపోయిన పిల్లల ఫొటోలను, దేశంలోని బాలల గృహాల్లో ఉన్నవారి ఫొటోలతో అది పోల్చి చూస్తుంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక బాలుడు అస్సాంలోని గృహంలో ఉన్నాడని 2020లో దీని ద్వారా తేలింది. తన పేరు, ఊరు చెప్పుకోలేని బిడ్డకు అయిదేళ్ల తరవాత అమ్మ దొరికింది. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో తెలంగాణ పోలీసులు చేసే వెతుకులాటలోనూ ఇలాంటి పట్టికలు పనికొస్తాయి. పిల్లల ముఖాలను పెద్ద ఎత్తున భద్రపరిచే ఏ ఏర్పాటుకైనా కట్టుదిట్టమైన కాపలా, పని అయ్యాక చెరిపేసే నియమం ఉండాలి. మేలు చేసే పరికరం కనుకే అలా అడగడం ఇంకా అవసరం.

పెంపకానికి బిడ్డను తీసుకోవాలనుకునేవారికి కేంద్ర దత్తత సంస్థ నడిపే కేరింగ్స్ పోర్టల్ ఉంది. నమోదు, అర్హత పరిశీలన, వరస క్రమం అంతా అందులోనే. ఆసుపత్రి మెట్ల మీద బేరమాడి తెచ్చుకున్న బిడ్డ విషయంలో కన్నతల్లికీ, పెంచినతల్లికీ, బిడ్డకూ జీవితాంతం భయమే మిగులుతుంది. వరస పొడవుగా ఉండడం నిజమే. అయినా దారి అదే.

నేర్పే వనరులు: ఎవరికి నేర్పుతున్నాం?

ఆన్‌లైన్‌లో ఎక్కువగా దొరికేవి బడి పిల్లలకు 'గుడ్ టచ్, బ్యాడ్ టచ్' నేర్పే వీడియోలు. చైల్డ్‌లైన్ తీయించిన 'కోమల్' అనే చిన్న యానిమేషన్ చిత్రం వీటిలో ముందు చెప్పుకోదగ్గది. ఏడేళ్ల పిల్ల, ఇంట్లో అందరికీ ఇష్టమైన పక్కింటి పెద్దమనిషి. ముప్పును అపరిచితుడి ముఖంతో చూపించకపోవడమే దాని గొప్పతనం. 2012 మే 13న ఆమిర్ ఖాన్ 'సత్యమేవ జయతే'లో ఇదే విషయం మీద వచ్చిన భాగం తెలుగులోనూ ప్రసారమైంది. పోక్సో బిల్లుకు పార్లమెంటు ఆమోదం తెలిపింది కూడా ఆ నెలలోనే. చాలా ఇళ్లలో ఈ మాట మొదటిసారి అందరూ కలిసి విన్నది ఆ ఆదివారమే.

చెన్నైలోని తులిర్, బెంగళూరులోని ఎన్‌ఫోల్డ్, ముంబైలోని అర్పణ్ సంస్థలు ఏళ్లుగా లోతైన పాఠాలు తయారుచేశాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లోని 'సంవాద్' బృందం పిల్లలతో మాట్లాడే పద్ధతి మీద టీచర్లకు, అంగన్‌వాడీ సిబ్బందికి, బాలల గృహాల ఉద్యోగులకు శిక్షణ సామగ్రిని ఉచితంగా పెట్టింది. నా దృష్టిలో మొత్తం వరసలో అత్యంత విలువైనది ఈ చివరిదే. కారణం ఒక్కటే. అది పెద్దలకు నేర్పుతుంది.

మిగతావాటితో నా ఇబ్బంది ఇక్కడే ఉంది. ఆరేళ్ల బిడ్డకు "వద్దని గట్టిగా అరువు, పరుగెత్తు, పెద్దలకు చెప్పు" అని నేర్పి ఊరుకుంటే, అరవలేకపోయిన బిడ్డ తప్పంతా తనదే అనుకుంటుంది. అన్నం పెట్టే చేయే ముప్పు అయినప్పుడు ఎటు పరుగెత్తాలి? బిడ్డకు నేర్పాల్సింది నేర్పుదాం. కానీ కాపాడే బరువు బిడ్డ నెత్తిన పెట్టకూడదు. చెబితే వినే పెద్దను తయారుచేయని పాఠం సగం పాఠం.

వినడం కూడా ఒక నేర్పే. ఎక్కడ శిక్షణ చూసినా సారం ఇంతే. బిడ్డ చెప్పేటప్పుడు మొహంలో కంగారు చూపించొద్దు. "నిజంగానా?" అనొద్దు. "వాడేనా, ఇలా చేశాడా, అలా చేశాడా" అని మాట అందించొద్దు. "చెప్పడం మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అనాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. బిడ్డ ఏ మాట వాడితే ఆ మాటే, తేదీ, సమయంతో రాసి పెట్టుకోవాలి. మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. ఈ ఏడు వాక్యాలు మంచి తెలుగులో, రెండు నిమిషాల ఆడియోగా, ప్రతి అంగన్‌వాడీ టీచరు ఫోనులో ఉంటే వంద పోస్టర్లకు సమానం.

వేధించే ఆలోచన ఉన్నవాణ్ని ముందే ఆపే వనరు కూడా ఒకటుంటుందని మనం ఊహించం. అమెరికాలో 1992లో మొదలైన 'స్టాప్ ఇట్ నౌ', తమ ఆలోచనలే తమను భయపెడుతున్నవారికీ, ఇంటివారి మీద అనుమానం కలిగినవారికీ పేరు అడగకుండా ఫోన్లో సాయం చేస్తుంది. మన దగ్గర ఈ మాట ఎత్తితేనే కోపాలొస్తాయి. కానీ నేరం జరిగాక ఉరి తీయమనే కోపం కంటే, జరగకముందే ఒకణ్ని వైద్యుడి దగ్గరికి నడిపించిన సేవ బిడ్డకు ఎక్కువ మేలు చేస్తుంది.

చట్టం ఇచ్చిన భరోసా జనానికి చేరిందా

2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం చదివితే, రాసినవారు బిడ్డ వైపు కూర్చుని రాశారనిపిస్తుంది. బిడ్డ వాంగ్మూలం బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి, యూనిఫాంలో ఉండకూడదు. ఏ కారణంతోనూ బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడబిడ్డకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. కేసు సాగినన్నాళ్లూ తోడుండడానికి ఒక సహాయకుణ్ని బాలల సంక్షేమ కమిటీ నియమించవచ్చు. తీర్పు దాకా ఆగకుండా మధ్యంతర పరిహారానికి ఆదేశించే అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది. న్యాయవాదికి డబ్బుల్లేవన్న బెంగ అక్కర్లేదు. ఆదాయంతో పని లేకుండా పిల్లలందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత సాయం దొరుకుతుంది, 15100కు ఫోను చేస్తే దారి చూపిస్తారు.

నేరం తెలిసీ చెప్పకపోవడం కూడా ఈ చట్టం కింద నేరమే. ఆరు నెలల దాకా జైలు పడొచ్చు, సంస్థ బాధ్యులైతే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద మాత్రం ఏ చర్యా ఉండదని కూడా అందులోనే ఉంది. మన కార్యాలయాల సైట్లలో మొదటి సగం పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, రెండో సగం కనిపించదు. దాంతో టీచర్లు భయపడి నోరు మూసుకుంటారు. భయపెట్టే వాక్యం పక్కనే ధైర్యమిచ్చే వాక్యం పెట్టడానికి ఖర్చేం కాదు.

హైదరాబాద్‌లో 2016లో మొదలైన 'భరోసా' కేంద్రం ఈ చట్టానికి ఒక రూపమిచ్చింది. పోలీసు, కౌన్సెలర్, న్యాయ సాయం ఒకే కప్పు కింద ఉంటే బిడ్డ గుమ్మం గుమ్మం తిరిగి అదే కథ చెప్పుకోనక్కర్లేదు. ఆ తరవాత ఇతర జిల్లాలకూ విస్తరించారు. ఏ జిల్లా సైటు తెరిచినా మొదటి తెరమీదే ఈ కేంద్రం చిరునామా, బాలల సంక్షేమ కమిటీ కూర్చునే చోటు కనిపించాలి. జరిగినదాని నుంచి తేరుకోవడానికి మనసుకు సాయం కావాలంటే టెలీ మానస్ 14416 తెలుగులో పలుకుతుంది. బిడ్డకే కాదు, బిడ్డ మాట విని నిద్రపట్టని తల్లికి కూడా.

లైంగిక హింస ఒక్కటే కాదు

సంక్షేమం అన్న మాట ఇంకా వెడల్పయినది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. అంటే రెండు రాష్ట్రాలూ సగటు కంటే వెనకే. బాల్య వివాహాలపై ఫిర్యాదుకు కేంద్రం 2024 నవంబరులో 'బాల్ వివాహ్ ముక్త్ భారత్' పోర్టల్ తెచ్చింది. నిజంగా పెళ్లి ఆగేది, ముందురోజు రాత్రి తొమ్మిదో తరగతి స్నేహితురాలు 1098కు చేసిన ఫోను వల్ల, తెల్లవారేసరికి ఆ ఇంటికెళ్లిన ఐసీడీఎస్ సూపర్‌వైజరు, వీఆర్వో, పోలీసు వల్ల.

ఇలా ఇంటిదాకా వెళ్లడం అనగానే శాంతా సిన్హా గుర్తొస్తారు. ఎం.వి. ఫౌండేషన్‌తో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేసి, బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అని ఆమె అన్నారు. 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ పల్లెల్లో పోర్టళ్లు లేవు. ఎవరింటి బిడ్డ బడికి రాలేదో తెలుసుకుని, ఆ ఇంటి గుమ్మం ఎక్కిన యువకులు ఉన్నారు. ఇవాళ మన చేతిలో పోర్టళ్లున్నాయి. గుమ్మం ఎక్కే కాళ్లు తగ్గకుండా చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లకు ఇంకో మాట. అక్కడ టీచరుకో డాక్టరుకో అనుమానం వస్తే చెప్పడం చట్టబద్ధమైన విధి. ప్రభుత్వం నడిపే చైల్డ్ వెల్ఫేర్ ఇన్ఫర్మేషన్ గేట్‌వే రాష్ట్రాలవారీగా ఆ చట్టాలను విప్పి చెబుతుంది. "మేం దెబ్బలు తినే పెరిగాం" అన్న మాట అక్కడి కొత్త తల్లిదండ్రులు ముందే వదులుకోవాలి. ఇక్కడివాళ్లు కూడా వదులుకుంటే మంచిది.

ఏం కావాలి

ఇన్నీ చూశాక నాకు కనిపించిన లోటు వనరుల సంఖ్యలో లేదు. వాటి ముఖం ఎటు తిరిగి ఉందన్నదానిలో ఉంది. ఎక్కువ భాగం జరిగిపోయినదాన్ని నమోదు చేయడానికి ఉన్నాయి. అనుమానం దగ్గర నిలబడి తటపటాయించే పెద్దకు చేయి అందించేవి కొన్నే. అందులో తెలుగులో, ఊళ్లో మాట్లాడే తెలుగులో ఉన్నవి మరీ తక్కువ. 'లైంగిక దాడి', 'తీవ్ర ప్రవేశక లైంగిక దాడి' అన్న చట్టం మాటలు చదివి ఏ అమ్మమ్మా తన మనవరాలి సంగతి అందులో పోల్చుకోలేదు. మాట రాని బిడ్డకు, వినపడని బిడ్డకు, బుద్ధి ఎదగని బిడ్డకు పనికొచ్చే సామగ్రి ఇంకా అరుదు. వేధించేవాళ్లు ముందుగా వెతికేది అలాంటి బిడ్డనే.

అందుకని అడగాల్సినవి మూడే. 'నాకు అనుమానంగా ఉంది, ఏం చేయను?' అన్న ఒక్క ప్రశ్నతో మొదలయ్యే తెలుగు పేజీ ఒకటి, అదే విషయం ఆడియోలో. ప్రతి జిల్లాకూ ఎవరిని కలవాలో, ఎక్కడ కలవాలో చెప్పే, ఆర్నెల్లకోసారి సరిచూసే పట్టిక. ఫిర్యాదు చేసినవారికి "అందింది, ఫలానావారు చూస్తున్నారు" అని తిరిగి వచ్చే కబురు. చెప్పి ఏం లాభం అనిపించిన మనిషి రెండోసారి చెప్పదు.

ఆ రోజు అంగన్‌వాడీ టీచరుతో కలిసి 1098కు ఫోను చేశాం. అవతలి అమ్మాయి తొందరపెట్టకుండా విని, పాపను ఇంకేమీ అడగొద్దని, అన్న మాట అన్నట్టే రాసిపెట్టమని చెప్పింది. టీచరు అప్పుడు సంచిలోంచి పాత లాంగ్ నోట్‌బుక్ తీసింది. పోషకాహారం సరుకు లెక్కలు రాసే పుస్తకం. కందిపప్పు, నూనె, గుడ్ల లెక్కల కింద, ఆ రోజు తేదీ వేసి, పాప మాట ముందే రాసి ఉంది. ఎవరూ చెప్పకుండానే రాసుకుంది. ఏ గడిలో రాయాలో తెలియక తనే ఒక గీత గీసి గడి చేసుకుంది.

తరవాతి కథ ఆ పాపది, ఇక్కడ చెప్పను. ఇంటికి మనుషులు వెళ్లారు, పాప ఇప్పుడు క్షేమంగా ఉంది. అంతవరకు చాలు. కొన్నాళ్లకు టీచరు ఫోన్లో మాట్లాడుతూ అంది. "ఇప్పుడు పిల్లలు మెల్లగా ఏదైనా అంటే చేతిలో పని ఆపేస్తున్నాను మేడమ్. పప్పు మాడినా సరే."